వృద్ధులలో తీవ్ర లింఫోమా: కీమోథెరపీ పద్ధతుల తారతమ్యం

మెడలో గాని, చంకలో గాని, గజ్జలలో గాని బిళ్ళ కట్టి, నొప్పి లేకుండా వారం వారం పెరుగుతూ ఉంటే అది శోషరస గ్రంథుల క్యాన్సర్, అనగా లింఫోమా, కావచ్చును. మన దేశంలో ఇటువంటి బిళ్ళలను క్షయగా భావించి నెలల తరబడి క్షయ మందులు వాడించడం అరుదు కాదు. ముక్క తీసి పరీక్షించినప్పుడే రోగమేదో నిర్ధారణ అవుతుంది. వేగంగా పెరిగే లింఫోమాలలో ఎక్కువగా కనిపించేది ‘డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా’. చికిత్స లేకపోతే ఇది నెలలలోనే ప్రాణం తీస్తుంది. తగిన చికిత్స అందితే వృద్ధులలో సైతం పూర్తిగా నయమయ్యే అవకాశం ఉన్నది. ఈ వయసులో కీమో ఎందుకని వెనుదిరిగే ముందు ఇంటివారు గ్రహించవలసిన మొదటి విషయం ఇదే.

చాప్ పద్ధతి

సైక్లోఫాస్ఫమైడ్, డాక్సోరుబిసిన్, విన్‌క్రిస్టిన్, ప్రెడ్నిసోలోన్ అనే నాలుగు మందుల కూర్పును ‘చాప్’ అంటారు. మొదటి మూడింటిని ఒక రోజున నరం ద్వారా ఎక్కిస్తారు. నాలుగవది ఐదు రోజులు మింగవలసిన మాత్ర. ఇరవై ఒక్క రోజులకు ఒక విడత. ఇంతకంటె ఎక్కువ మందులు గల మూడు కొత్త పద్ధతులను చాప్‌తో పోల్చిన అమెరికా పరిశోధన 1993లో వెలువడినది. 899 మంది రోగులలో మూడేళ్ళ తరువాత జీవించి ఉన్నవారు ఏ పద్ధతిలోనైనా దాదాపు సగం మందే. మందుల విషప్రభావం వల్ల మరణించినవారు చాప్‌లో 1 శాతం కాగా తక్కిన వాటిలో 3 నుండి 6 శాతం. మందులు పెరిగినంత మాత్రాన మేలు పెరగదని దీనితో తేలినది.

రిటుక్సిమాబ్ చేరిక

చాప్‌కు రిటుక్సిమాబ్ చేరితే ‘ఆర్-చాప్’. 60 నుండి 80 ఏళ్ళ వయసుగల 399 మందిపై ఫ్రెంచి వైద్యుల ఆధ్వర్యంలో జరిగిన పరిశోధన 2002లో ప్రచురితమైనది. రెండేళ్ళకు జీవించి ఉన్నవారు చాప్‌తో 57 శాతం, ఆర్-చాప్‌తో 70 శాతం. పదేళ్ళ అనంతరం లెక్కించగా ఆ సంఖ్యలు 27.6, 43.5 శాతం. వృద్ధుల చికిత్సలో పెద్ద మలుపు ఇదే. 2007లో హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ ఈ మందుకు సమానమైన రెడిటక్స్‌ను తక్కువ ధరకు విడుదల చేసినది.

ఎన్ని విడతలు, ఎంత ఎడం?

61 నుండి 80 ఏళ్ళ వారు 1222 మందిపై జరిగిన జర్మనీ పరిశోధన 2008లో వెలువడినది. అందులో రిటుక్సిమాబ్‌తో కూడిన ఆరు విడతలకు మించి ఎనిమిది విడతల వల్ల అదనపు మేలు కలగలేదు. రెండు వారాలకొక విడత, మూడు వారాలకొక విడత అనే రెండింటిని పోల్చిన ఫ్రాన్సు పరిశోధన 2013లో వెలువడినది. ఫలితంలో భేదం లేదు. రెండు వారాల పద్ధతిలో రక్తం ఎక్కించవలసిన అవసరం మాత్రం ఎక్కువైనది. అందుకే మూడు వారాల ఎడంతో ఆరు విడతలు ఇవ్వడం సాధారణమైనది.

ఎనభై దాటిన వారికి

వీరికి కీమో మందుల మోతాదును దాదాపు సగానికి తగ్గించి, రిటుక్సిమాబ్‌ను పూర్తిగా ఇచ్చే పద్ధతి ‘ఆర్-మినీచాప్’. 149 మందిపై జరిగిన పరిశోధన 2011లో ప్రచురితమైనది. రెండేళ్ళకు 59 శాతం మంది జీవించి ఉన్నారు. 12 మరణాలకు మందుల విషప్రభావమే కారణమని తేలినది. ఈ 59ని పై 70తో నేరుగా పోల్చరాదు. ఈ రోగులు మరింత వృద్ధులు. మోతాదు తగ్గించడమంటే ఆశ వదులుకోవడం కాదని మాత్రం ఇందువల్ల రుజువైనది. దీనికి లెనలిడోమైడ్ చేర్చి చూసిన పరిశోధన 2021లో వెలువడగా, అదనపు ప్రయోజనం కనిపించలేదు.

గుండె బలహీనమైతే

డాక్సోరుబిసిన్ గుండె కండరాన్ని దెబ్బతీయగలదు. అందువల్ల ముందుగా ఎకో పరీక్ష తప్పనిసరి. గుండె సహకరించని వారికి దాని స్థానంలో జెమ్సిటాబిన్ వాడే పద్ధతిని బ్రిటన్‌లో 61 మందిపై పరీక్షించారు. 2014లో వెలువడిన ఫలితాల ప్రకారం రెండేళ్ళకు సుమారు 56 శాతం జీవించి ఉన్నారు.

విన్‌క్రిస్టిన్ బదులు పొలాటుజుమాబ్ చేర్చిన పద్ధతి ఫలితాలు 2022లో వచ్చినవి. రెండేళ్ళపాటు రోగం ముదరకుండా, తిరగబెట్టకుండా జీవించినవారు 70.2 నుండి 76.7 శాతానికి పెరిగారు. మొత్తం మీద జీవించి ఉన్నవారి శాతంలో మాత్రం తేడా రాలేదు. ఇది చాలా ఖరీదైన మందు.

నిర్ణయం ఎట్లా?

వయసు ఒక్కటే కొలబద్ద కాదు. రోగి తన పని తాను చేసుకోగలరా, గుండె, మూత్రపిండాలు ఎట్లా ఉన్నవి, మధుమేహం ఉన్నదా అన్నవి చూడాలి. మంచం పట్టడానికి కారణం ముసలితనం కాక రోగమే కావచ్చును. అట్టివారికి వైద్యులు ముందుగా వారం రోజుల లోపు ప్రెడ్నిసోలోన్ ఇచ్చి, కొంత తేరుకున్న తరువాత అసలు కీమో మొదలుపెడతారు. కనుక తొలినాటి నీరసం చూసి చికిత్స వద్దనుకోవడం తొందరపాటు. హెపటైటిస్-బి పరీక్ష కూడా ముందే జరగాలి; లోపల అణగి ఉన్న ఆ వైరస్ రిటుక్సిమాబ్ వల్ల విజృంభించగలదు.

ఇంటి వద్ద జాగ్రత్తలు

కీమో తరువాత రెండవ వారంలో తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి. 100.4 డిగ్రీల జ్వరం వస్తే మాత్ర వేసి తెల్లవారేదాకా ఆగరాదు. అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి చేర్చాలి. పల్లెల వారు ఆ రోజులకు వాహనం ముందే మాట్లాడి ఉంచుకోవడం క్షేమం. డాక్సోరుబిసిన్ ఎక్కించిన తరువాత ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తే భయపడనక్కరలేదు. అది మందు రంగు. వేళ్ళ తిమ్మిరి, మలబద్ధకం విన్‌క్రిస్టిన్ వల్ల కలుగుతాయి. వైద్యునికి చెబితే మోతాదు సరిచేస్తారు. ప్రెడ్నిసోలోన్ రక్తంలో చక్కెరను పెంచుతుంది.

సరిహద్దు పల్లెల వారు బెంగళూరు, వెల్లూరు, విశాఖపట్నం, హైదరాబాదు వంటి చోట్లకు రాష్ట్రం దాటి వెళ్ళవలసి వస్తుంది. ముక్క పరీక్ష నివేదిక, దాని మైనపు దిమ్మె, ఎక్కించిన మందుల పేర్లు, మోతాదులు, తేదీలు వెంట ఉంచుకోవాలి. 2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్ పథకం ఆదాయంతో నిమిత్తం లేకుండా 70 ఏళ్ళు నిండిన వారికి విస్తరించినది. పరిమితి కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయలు. పథకంలో చేరిన ఆసుపత్రి పొరుగు రాష్ట్రంలో ఉన్నా ఇది వర్తిస్తుంది. వెళ్ళబోయే ఆసుపత్రి అందులో ఉన్నదో లేదో ప్రయాణానికి ముందే విచారించుకోవాలి.