ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌కు, కరెంటు తీగకు మధ్య ఎంత దూరం ఉండాలి?

అండమాన్, నికోబార్ దీవుల్లో ఉక్కపోత ఏడాదిలో ఎక్కువ కాలం ఉంటుంది. 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్‌గా పిలిచిన రాజధాని శ్రీ విజయపురంలో ఇంటి గోడలకు వేలాడే స్ప్లిట్ ఏసీ యూనిట్లు ఇప్పుడు కొత్త దృశ్యం కాదు. కొనేటప్పుడు ఎన్ని టన్నులు, ఎన్ని స్టార్లు అని అందరూ అడుగుతారు. బయట బిగించే యూనిట్ వీధిలోని కరెంటు తీగకు ఎంత దూరంలో ఉండాలని అడిగేవారు అరుదు. ప్రాణాపాయం పొంచి ఉన్నది మాత్రం అక్కడే.

ఈ దూరాలను కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. 2010 నాటి నిబంధనల స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. ఇళ్లకు సరఫరా ఇచ్చే లో వోల్టేజి లైను తొడుగు లేని తీగలతో ఉంటే, అది భవనంలోని ఏ భాగానికైనా అడ్డంగా కనీసం 1.2 మీటర్ల దూరంలో, డాబా మీదుగా వెళితే 2.5 మీటర్ల ఎత్తులో ఉండాలి. 11 కిలోవోల్టుల లైనుకు అడ్డదూరం అంతే అయినా ఎత్తు 3.7 మీటర్లు. 33 కిలోవోల్టులకైతే అడ్డదూరమే 2 మీటర్లు. ఇన్సులేషన్ ఉన్న కేబుళ్లకు నిబంధన వేరు.

అడ్డదూరాన్ని తీగ నిశ్చలంగా ఉన్నప్పుడు కాదు, గాలికి గరిష్ఠంగా ఊగినప్పుడు లెక్కించాలి. తుపాను గాలులు ఎరిగిన దీవులకు ఇది కాగితం మీది మాట కాదు.

ఈ నిబంధన ఏసీలను ఉద్దేశించి రాసినది కాదు. అయినా లెక్క చూడండి. గోడకు 1.4 మీటర్ల దూరంలో తీగ ఉంది. బ్రాకెట్‌తో కలిపి యూనిట్ సుమారు 45 సెంటీమీటర్లు ముందుకు వస్తే, మిగిలేది 95 సెంటీమీటర్లే. గోడ నిబంధనకు లోబడే ఉంది, యూనిట్ మాత్రం ఆ హద్దు దాటింది. ఆ సందులోనే మెకానిక్ నిలబడి, పొడవాటి రాగి గొట్టాన్ని తిప్పాల్సి ఉంటుంది.

లైను ఉన్నచోట భవనానికి శాశ్వతంగానైనా తాత్కాలికంగానైనా మార్పులు చేయదలచినవారు ముందే సరఫరాదారుకు, విద్యుత్ ఇన్‌స్పెక్టరుకు లిఖితపూర్వకంగా తెలపాలి. ఇక్కడ సరఫరాదారు దీవుల పరిపాలన విభాగానికి చెందిన విద్యుత్ శాఖ. లైను జరపాల్సి వస్తే ఖర్చు సాధారణంగా మార్పు కోరినవారిదే. అంతకంటే యూనిట్‌ను మరో గోడకు మార్చుకోవడమే తేలిక.

ఇంటి లోపలికి వస్తే, మెయిన్ బోర్డు ముందు మీటరు వెడల్పున ఖాళీ ఉండాలన్న నియమం 250 వోల్టులు దాటిన సరఫరాకు, అంటే త్రీఫేజ్ ఇళ్లకు వర్తిస్తుంది. సింగిల్ ఫేజ్ ఇళ్లలోనూ బోర్డుకు అడ్డంగా బీరువా పెట్టకపోవడం మంచిది. అమెరికాలో ఇళ్లలోని ప్యానెల్ ముందు సైతం 36 అంగుళాల ఖాళీ ఉండాలి. ఏసీని ఆపే స్విచ్ కూడా అక్కడ యూనిట్‌కు కనుచూపు మేరలో ఉండాలి. మరమ్మతు చేస్తున్న మనిషి తన కళ్ల ముందే సరఫరా నిలిపి ఉంచుకోగలడు కనుక, మనవాళ్లూ అనుసరించదగిన పద్ధతి ఇది.

సముద్రపు ఉప్పుగాలికి ఇనుప బ్రాకెట్లు, బోల్టులు, ఎర్త్ కనెక్షన్లు త్వరగా తుప్పుపడతాయి. ఎర్త్ తెగినా ఏసీ చల్లగానే నడుస్తుంది కాబట్టి లోపం బయటపడదు. యూనిట్ లోహపు పెట్టెకు కరెంటు తగిలినప్పుడు సరఫరాను వెంటనే ఆపాలంటే ఎర్త్ సరిగా ఉండాలి, లీకేజీని పసిగట్టే బ్రేకరూ పనిచేయాలి. వర్షాకాలానికి ముందు వీటిని పరీక్ష చేయించాలి. కొత్త వైరింగ్‌ను లైసెన్సు ఉన్న కాంట్రాక్టరుకే అప్పగించాలి.

దూరంపై అనుమానం ఉంటే డాబా ఎక్కి తీగ వైపు స్టీలు టేపు చాచరాదు, కర్రతోనూ కొలవరాదు. ఆ కొలత విద్యుత్ శాఖ సిబ్బంది తీయాల్సిందే.