ఐసోమెట్రిక్ చిత్రణ ఆవిర్భావం: విలియం ఫారిష్ బోధనా నేపథ్యం

త్రిపరిమాణ వస్తువును కాగితం మీద గీసే ఇంజనీరింగు పద్ధతుల చరిత్రను గాస్పార్ మోంజ్ (1746-1818)తో మొదలుపెట్టడం ఆనవాయితీ. శత్రువు చూపుకూ ఫిరంగికీ అందకుండా కోటగోడలను ఎంత ఎత్తున కట్టాలన్న సమస్యకు అంతవరకు సుదీర్ఘమైన అంకగణితం అవసరమయ్యేది. 1760లలో ఫ్రాన్సులోని మెజియేర్ సైనిక పాఠశాలలో మోంజ్ దానిని గీతలతోనే సాధించాడు. అంత త్వరగా ఫలితం తేలడం నమ్మశక్యం కాక అధికారి తొలుత దానిని పరిశీలించడానికే నిరాకరించాడు. ఆ తరువాత అది సైనిక రహస్యమై, 1795 నాటి పారిస్ ఎకోల్ నార్మల్ ఉపన్యాసాలతో గాని బయటకు రాలేదు. పరస్పరం లంబంగా ఉన్న రెండు తలాల మీద ఒకే వస్తువును వేర్వేరుగా చూపడం ఆ పద్ధతి సారం. పని తలపెట్టేవారికీ, నడిపేవారికీ, చేసేవారికీ ఇది ఉమ్మడి భాష అని మోంజ్ భావించాడు. అయితే ఆ రెండు చిత్రాలను చదువరి మనసులో కలుపుకోవాలి. ఆ శిక్షణ లేనివాడికి అది భాషే కాదు.

కేంబ్రిడ్జిలో విలియం ఫారిష్ (1759-1837) ఎదుర్కొన్నది ఇటువంటి చదువరి సమస్యనే. 1794లో రసాయనశాస్త్ర ఆచార్యుడై, 1813లో జాక్సోనియన్ ఆచార్యపదవి పొందిన ఫారిష్ బ్రిటిష్ పరిశ్రమలలోని యంత్రాలను గురించి ఉపన్యసించేవాడు. ప్రతి యంత్రానికీ శాశ్వతమైన నమూనా చేయించి ఉంచడం సాధ్యం కాదు. అందుచేత పళ్ళచక్రాలు, ఇరుసులు, కడ్డీలు వంటి విడిభాగాలను సమకూర్చుకొని, ఏనాటి పాఠానికి కావలసిన యంత్రాన్ని ఆనాడు కూర్పించి, తరువాత విప్పించేవాడు. కూర్చేది సహాయకులు. ఆచార్యుడు పక్కన నిలిచి ముక్కముక్కా చూపనవసరం లేకుండా వారు ఆ పని చేయాలంటే, విప్పిన యంత్రం కాగితం మీద మిగలాలి. కార్ఖానా కోసం పుట్టిందని తోచే ఈ చిత్రణకు మూలం తరగతిగది అవసరమే.

కేంబ్రిడ్జి ఫిలసాఫికల్ సొసైటీ తొలి సంపుటంలో 1822లో వెలువడిన వ్యాసంలో ఫారిష్ తన పద్ధతిని వివరించాడు. ఘనాన్ని దాని కర్ణం వెంట చూస్తే మూడు ముఖాలు సమానంగా కనబడతాయి. మూడు దిశల అంచులు కాగితం మీద 120 డిగ్రీల ఎడంతో నిలుస్తాయి. ప్రతి అంచూ అసలు పొడవులో సుమారు 0.816 వంతుకు కుదించుకుపోతుంది. కుదింపు మూడు దిశలలోనూ ఒకటే కనుక ఒకే కొలబద్ద చాలు. చిత్రకారుల దృశ్యచిత్రంలో దూరమైనది చిన్నదవుతుంది కాబట్టి అందులో ఈ సౌలభ్యం లేదు. పళ్ళచక్రం మాత్రం దీర్ఘవృత్తమవుతుంది. వాలుగీతలను నేరుగా కొలవడం కుదరదు.

శిక్షణ లేని కంటికి కూడా ఈ చిత్రం తానుగా అర్థమవుతుందనడం అతిశయోక్తి. ఘనపు ఐసోమెట్రిక్ చిత్రంలో దగ్గరి మూల, దూరపు మూల ఒకే బిందువు మీద పడతాయి. ఉబ్బెత్తు పెట్టెనే గది లోపలి మూలగానూ చూడవచ్చు. స్ఫటికాల రేఖాచిత్రాలను చూస్తుండగా ముందువెనుకలు తారుమారు కావడాన్ని స్విట్జర్లాండుకు చెందిన లూయీ ఆల్బర్ట్ నెకర్ 1832లో ప్రకటించాడు. ఫారిష్ సహాయకులకు ఈ చిక్కు అంతగా ఎదురై ఉండదు. వారు ఆ ముక్కలను చేతులతో ఎరిగినవారు.

1834లో థామస్ సాప్‌విత్ ఐసోమెట్రిక్ చిత్రణ మీద గ్రంథం వెలువరించి, గనుల పటాలకు దానిని అన్వయించాడు. భూమి పొరలను చూపడానికి 1841 నాటికి అతడు చెక్క నమూనాలను కూడా చేయించి అమ్మకానికి పెట్టాడు.