తలుపు తీసిన ఇళ్ళు

సమాఖ్య వార్షికోత్సవ సంచికకు మన చరిత్ర గురించి ఏదైనా రాయమని కమిటీ వారు అడిగారు. మగ్గాల గురించి, గుళ్ళ గురించి, మన పెద్దల గురించి ఏటా రాసుకుంటూనే ఉన్నాం. ఈసారి అందరికీ తెలిసి కూడా ఎవరూ సావనీరులో రాయని సంగతి రాస్తున్నాను. పెద్దలు మన్నించాలి.

నాకు పదేళ్ళున్నప్పుడు, ఎన్నూరులో మా ఇంటికి ఒక రాత్రి వరసకు అత్త అయ్యే ఒకావిడ చంకలో బిడ్డతో వచ్చింది. పెదవి చిట్లి ఉంది. అమ్మ పసుపు అద్ది, అన్నం పెట్టి, చాప పరిచింది. తెల్లారేసరికి నలుగురు పెద్దలు వచ్చి కూర్చున్నారు. "సంసారం అన్నాక ఇవన్నీ మామూలేనమ్మా, సర్దుకుపో" అన్నారు. మధ్యాహ్నానికి ఆమెను ఆ ఇంటికే దిగబెట్టి వచ్చారు. వాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు. పుట్టిల్లు, అత్తిల్లు తప్ప ఆడమనిషికి మూడో చోటు ఉంటుందని వాళ్ళకి తెలియదు, అంతే.

కానీ ఆ మూడో చోటు మన మద్రాసులో అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచే ఉంది. దాన్ని కట్టిన వాళ్ళలో మన తెలుగు ఆడపడుచులూ ఉన్నారు. ఆ చరిత్రే ఈ వ్యాసం.

నేతగాళ్ళ ఊరు, నేతగాళ్ళ ఇల్లు

1639లో కంపెనీ వాళ్ళు ఈ తీరంలో స్థలం తీసుకున్నది బట్టల వ్యాపారం కోసమే. నేతగాళ్ళు లేకపోతే మద్రాసు లేదు. 1717 నుంచి 1720 వరకు గవర్నరుగా ఉన్న జోసెఫ్ కొలెట్ తిరువొత్తియూరు పక్కన నేతవాళ్ళ కోసం ఒక పేట కట్టించాడు. కొలెట్ పేట కాస్తా జనం నోట కాలడిపేట అయింది. ఎన్నూరు నుంచి బస్సులో ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు రోజూ దాటిపోయే చోటే అది. తరవాత 1734లో చింతాద్రిపేట వచ్చింది. చిన్న తరి పేట అన్న మాటలోంచే ఆ పేరు పుట్టిందని చెబుతారు. తరి అంటే తమిళంలో మగ్గం.

కంపెనీ మగవాడి మగ్గాన్నే లెక్కపెట్టుకుంది. కండెలు చుట్టిందెవరు, ఆసు పోసిందెవరు, పడుగుకి గంజి పెట్టిందెవరు అని ఏ చిట్టాలోనూ రాయలేదు. ఆ అలవాటు మనకీ పోలేదు. 2019-20 నాటి నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివాళ్ళు 35 లక్షలకు పైగా ఉంటే, అందులో నూటికి 72 మంది ఆడవాళ్ళే. అయినా చాలా ఇళ్ళలో సొసైటీ సభ్యత్వం మొగుడి పేరు మీద, కూలి మొగుడి చేతికి.

ఇక్కడే అసలు చిక్కు. ఆఫీసులో పనిచేసే ఆవిడ ఇల్లు వదిలినా ఉద్యోగం ఉంటుంది. మన ఇళ్ళలో ఇల్లే కార్ఖానా. దెబ్బలు తాళలేక గడప దాటితే గూడు, పని, కూలి మూడూ ఒక్కసారే పోతాయి. "అంత బాధైతే వచ్చేయొచ్చుగా" అని అనేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

రాజమండ్రిలో మొదలు

మన వైపు ఇల్లే ఆశ్రయంగా మారడం రాజమండ్రిలో చూస్తాం. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం గారు తమ ఇంట్లో మొదటి వితంతు వివాహం జరిపించారు. పెళ్ళి సంగతి అందరం చదువుకున్నాం. ఆ ఇంటికి వచ్చిన పిల్లలకి అన్నం వండి, కడుపులో పెట్టుకుని చూసింది రాజ్యలక్ష్మమ్మ గారు. ఊరు వెలేసింది. వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు రావడం మానేశారు. ఆవిడే గోదావరికి వెళ్ళి బిందెతో నీళ్ళు తెచ్చుకున్నారు. అందరూ మూసిన చోట తలుపు తీసినవాళ్ళు ఎంత ఖరీదు కట్టాలో ఆ బిందె చెబుతుంది.

అంతకు ముందే 1863లో పూణేలో సావిత్రీబాయి, జ్యోతిరావు ఫూలే దంపతులు గర్భవతులైన వితంతువుల కోసం ఇల్లు తెరిచారు. మీ పేరు చెప్పనక్కర్లేదు, వచ్చి పురుడు పోసుకుని వెళ్ళండి అన్నారు. గుట్టు కాపాడడం ఆశ్రయానికి మొదటి ధర్మమని ఆనాడే వాళ్ళు గుర్తించారు.

మద్రాసులో మూడు గడపలు

చిన్నతనంలోనే భర్త పోయిన సిస్టర్ సుబ్బలక్ష్మి 1911లో పట్టా పుచ్చుకున్నారు. మద్రాసు రాజధానిలో హిందూ వితంతువు పట్టభద్రురాలు కావడం అదే మొదలు. నలుగురు బాల వితంతువులను ఇంట్లో పెట్టుకుని చదివించడంతో మొదలుపెట్టి, చివరికి మెరీనా ఎదురుగా ఉన్న ఐస్ హౌస్‌లో హాస్టలు నడిపారు. అక్కడ చదివిన పిల్లలు టీచర్లై తమ కాళ్ళ మీద నిలబడ్డారు.

1930లో కొందరు దేవదాసీ బాలికలు ఎక్కడా చోటు దొరక్క డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి గారి ఇంటికి వచ్చారు. హాస్టళ్ళు వాళ్ళని చేర్చుకోలేదు. ఆమె తమ ఇంట్లోనే ఉంచుకున్నారు. అలా పుట్టిందే అవ్వై హోమ్. తరవాత అది అడయారుకు మారింది.

మూడో గడప మన దుర్గాబాయమ్మది. 1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఈ కాపురం నాకొద్దు అని ఆమె చెబితే, తండ్రి, తమ్ముడు ఆమె పక్కన నిలబడ్డారు. ఈ మాట దగ్గర మనం ఒక్క నిమిషం ఆగాలి. ఆనాడు ఆ ఇంట్లో ఎవరైనా "సర్దుకుపో" అని ఉంటే దేశానికి దుర్గాబాయి దేశ్‌ముఖ్ దొరికేవారు కాదు.

1937లో ఆమె మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. బడి మధ్యలో మానేసిన, ఆధారం లేని ఆడవాళ్ళకు తక్కువ కాలంలో మెట్రిక్ చదువు చెప్పించడం, చేతిపని నేర్పించడం, ఉండడానికి హాస్టలు. ఆమె వద్దనుకున్న భర్త మళ్ళీ పెళ్ళి చేసుకుని, 1941లో చనిపోయాడు. దిక్కులేకుండా మిగిలిన ఆ రెండో భార్యను దుర్గాబాయే పిలిచి తన దగ్గర ఉంచుకుని, పని నేర్పించి, ఉద్యోగం దొరికేలా చూశారు. తన బతుకులో ఎవరి మీదైనా కోపం పెట్టుకోవాలంటే పెట్టుకోగలిగిన చోట ఆమె తలుపు తీశారు.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమే మొదటి అధ్యక్షురాలు. సభలో చేసిన పనే 1958 నుంచి బోర్డు ద్వారా వయోజన మహిళల సంక్షిప్త విద్యా పథకంగా దేశమంతటా సాగింది. 1969లో కేంద్ర ప్రభుత్వం ఆపదలో ఉన్న స్త్రీలకు కొంతకాలం ఉండే షార్ట్ స్టే హోమ్‌ల పథకం పెట్టింది. ఇంగ్లండులో చిజిక్ అనే చోట దెబ్బలు తిన్న భార్యల కోసం పేరుపొందిన మొదటి ఆశ్రయం తెరిచింది 1971లో. ఈ పని మనకు పరాయిది కాదని చెప్పడానికే ఇది రాశాను.

చట్టం తెచ్చిన మార్పు

1992లో చెన్నై థౌజండ్ లైట్స్‌లో తమిళనాడు మొదటి మహిళా పోలీసు స్టేషను వచ్చింది. 2001లో మొదలైన పి.సి.వి.సి. అనే సంస్థ ఇంటి హింసకు గురైన స్త్రీల కోసం చెన్నైలోనే ఆశ్రయం నడుపుతోంది. గృహ హింస చట్టం 2005లో చేసి, 2006 అక్టోబరు 26 నుంచి అమలులో పెట్టారు. ఇందులో మనవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సినవి మూడు. ఇల్లు భర్త పేరున ఉన్నా, అత్తమామల పేరున ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు భార్యకుంది. కేసు పెట్టలేదన్న కారణంతో ఆశ్రయం ఇచ్చే హోమ్ ఆమెను కాదనకూడదు. ఆమె కోరితే అక్కడ ఉన్న సంగతి అవతలి వాళ్ళకు చెప్పకూడదు.

2015 ఏప్రిల్ 1 నుంచి సఖి పేరుతో వన్ స్టాప్ సెంటర్లు వచ్చాయి. వైద్యం, పోలీసు సాయం, లాయరు సలహా, మనసుకు ఓదార్పు, కొద్ది రోజులు ఉండడానికి చోటు, అన్నీ ఒకే చోట. ఎక్కువ కాలం ఉండవలసిన వాళ్ళకు స్వాధార్ గృహాలు ఉండేవి, ఇప్పుడు వాటిని శక్తి సదన్ అంటున్నారు.

మంచి ఆశ్రయం ఎలా ఉంటుంది

ఈ ఇళ్ళన్నీ చూశాక నాకు అర్థమైనవి చెబుతాను. మంచి ఆశ్రయం వచ్చిన రోజు ప్రశ్నలు వెయ్యదు. ముందు అన్నం, మందు, నిద్ర. అడ్రసు బయటపెట్టదు, ఎందుకంటే ఇల్లు వదిలిన తరవాతి రోజులే ఆడదానికి ఎక్కువ ప్రమాదం. తల్లినీ పిల్లల్నీ వీలైనంత వరకు విడదీయదు. కొన్ని చోట్ల కాస్త పెద్ద మగపిల్లల్ని ఉంచుకోరు, అది ముందే అడగాలి. రాజీ పడమని తోయదు, కేసు పెట్టమని తొందరపెట్టదు, నిర్ణయం ఆమెదే. పంపేటప్పుడు చేతిలో ఒక పని, తన పేరున బ్యాంకు ఖాతా ఉండేలా చూస్తుంది. పంపాక కూడా ఫోన్ చేసి ఎలా ఉన్నావమ్మా అని అడుగుతుంది.

మనవాళ్ళకి ఇంకొకటి కావాలి. ఆంధ్రా నుంచి ఎన్నూరుకు కోడలిగా వచ్చిన పిల్లకు తమిళం రాదు. ఏడవడానికైనా తన భాష కావాలి. తెలుగు మాట్లాడే మనిషిని పిలిపించమని అడగాలి. ఇలాంటి చోట మన సమాఖ్య మహిళా విభాగం వాళ్ళు తోడు వెళ్ళొచ్చు.

మనం చేయగలిగింది

కమిటీ వారికి నావి మూడు మనవులు. ఒకటి, కండెలు చుట్టే, ఆసు పోసే ఆడవాళ్ళందరికీ వాళ్ళ పేరున నేత గుర్తింపు కార్డు, సొసైటీ సభ్యత్వం, ఖాతా ఇప్పించండి. పారిపోయి వచ్చిన మనిషికి తన పని తనతో రావాలి. రెండు, ఇలాంటి గొడవ పంచాయితీకి వస్తే పెద్దమనుషులు తీర్పు చెప్పకండి. ఆమెకు ఏం కావాలో ఒంటరిగా, ఆడవాళ్ళ చేత అడిగించండి. దిగబెట్టి రావడానికి ఆటో మాట్లాడకండి. మూడు, మన కల్యాణ మండపంలో క్యాలెండరు పక్కనే ఈ నంబర్లు పెద్ద అక్షరాలతో రాయించండి. మహిళా హెల్ప్‌లైన్ 181. అత్యవసరానికి 112. ఉచిత న్యాయ సాయానికి 15100. లాయరు ఫీజు గురించి బెంగ వద్దు, ఆదాయం ఎంతున్నా ఆడవాళ్ళకు ఉచిత న్యాయ సాయం పొందే హక్కు 1987 నాటి చట్టంలోనే ఉంది.

అక్కలకు, చెల్లెళ్ళకు ఒక మాట. ఆధారు, రేషన్ కార్డు, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, పాస్‌బుక్కు, వీటి నకళ్ళు నమ్మకమైన వాళ్ళ దగ్గర ఒక సెట్ దాచుకోండి. ఏమీ లేకుండా రావాల్సి వచ్చినా రండి. కాగితాలు తరవాత తెప్పించుకోవచ్చు, ప్రాణం తెప్పించుకోలేం.

ఆ అత్త తరవాత మళ్ళీ మా ఇంటికి రాలేదు. బాధలు తీరి కాదు, మా ఇంటికి వచ్చినా లాభం లేదని ఆమెకు తెలిసిపోయి. అమ్మ చాలా ఏళ్ళు ఆ మాట తలుచుకుని బాధపడేది. ఈ సంచిక చదివిన ఇళ్ళలో ఎవరి తలుపైనా రేపు రాత్రి తట్టొచ్చు. అన్నం పెట్టడం మనకు ఎలాగూ వచ్చు. తెల్లారాక ఏం చేయాలో కూడా ఇప్పుడు తెలుసు.