ఫైనల్ ఫాంటసీ 12: రెవెనెంట్ వింగ్స్

నింటెండో డీఎస్ కోసం స్క్వేర్ ఎనిక్స్ విడుదల చేసిన రియల్ టైమ్ స్ట్రాటజీ రోల్ ప్లేయింగ్ గేమ్. జపాన్‌లో 2007 ఏప్రిల్‌లో, అమెరికాలో అదే ఏడాది నవంబరులో వచ్చింది. దర్శకుడు మొతోము తొరియామా. ప్లేస్టేషన్ 2లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 12కు ఇది కొనసాగింపు. ఆ ఆట పాత్రలైన వాన్, పెనెలో ఆకాశంలో తేలే లెమురే ఖండానికి చేరడంతో కథ మొదలవుతుంది.

ఆట ప్రధానంగా స్టైలస్‌తోనే. సైనికుల చుట్టూ గీత గీసి ఎంచుకుని, శత్రువు మీద తాకిస్తే దళం కదులుతుంది. దగ్గరి నుంచి కొట్టేవారిది దూరం నుంచి కొట్టేవారిపై పైచేయి, దూరం నుంచి కొట్టేవారిది ఎగిరేవారిపై, ఎగిరేవారిది మళ్లీ మొదటివారిపై. ఈ లెక్క తెలిస్తే సగం యుద్ధం గెలిచినట్టే. ఎస్పర్లనే సహాయక జీవులను యుద్ధరంగంలోని ద్వారాల దగ్గర పిలుచుకోవచ్చు.

తొలి సమీక్షకులు కథా దృశ్యాలను, ఈ జానర్‌కు కొత్తవారికీ పట్టుబడే సరళతను మెచ్చుకున్నారు. వారి ప్రధాన ఫిర్యాదు తెర గురించే: సుమారు 3 అంగుళాల తెరపై బొమ్మలు ఒకదానిమీదొకటి పడి, వైద్యం చేయాల్సిన పాత్రను తాకబోతే పక్కనున్న ఎస్పర్ ఎంపికయ్యేది. ఇరుకు దారుల్లోనూ దళం చిక్కుకుపోయేది. ఆ ఫిర్యాదులు న్యాయమైనవే.