మరిగే తొట్టి నుంచి మూసిన రేడియేటర్ దాకా

ట్రాక్టరు ఇంజనులో మండిన ఇంధనపు వేడి అంతా పనిగా మారదు. కొంత పొగగొట్టం గుండా పోతే, మరికొంత సిలిండరు గోడల్లోకి ఎక్కుతుంది. గోడలకెక్కిన ఈ వేడిని బయటికి పంపే పద్ధతి మారినప్పుడల్లా, ఇంజను కాగిపోతున్నదంటే లోపం ఎక్కడ వెతకాలన్నదీ మారుతూ వచ్చింది.

తొలినాటి ఒంటి సిలిండరు ఇంజన్లలో చాలావాటికి సిలిండరు చుట్టూ హాపర్ అనే నోరు తెరిచిన నీటి తొట్టి ఉండేది. మరిగే నీరు ఆవిరవుతూ వేడిని మోసుకుపోయేది. తొట్టిలో నీరున్నంతసేపూ దాని ఉష్ణోగ్రత 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిలిచేది కనుక, ఆవిరి లేవడం లోపం కాదు, పని సవ్యంగా సాగుతున్నదనడానికి గుర్తు. అయితే నీరు పోయినా అందులోని సున్నపు లవణాలు పోవు. అవి గోడలకు పొలుసుగా పేరుకొని, తొట్టి నిండుగా ఉన్నా ఇంజనును కాగబెట్టేవి.

1917లో తయారీ మొదలైన ఫోర్డ్‌సన్, అమెరికాలో 1928లో ఆగేనాటికి ఏడు లక్షలకు పైగా తయారైంది. ఇంత విరివిగా వ్యాపించిన ఈ ట్రాక్టరుకు నీటి పంపే లేదు. వేడెక్కి తేలికైన నీరు పైగొట్టం గుండా రేడియేటర్‌లోకి చేరి, అక్కడ చల్లబడి బరువెక్కి కిందినుంచి మళ్లీ ఇంజనులోకి వచ్చే ఈ సహజ ప్రసరణను థర్మోసైఫన్ అంటారు. పాడయ్యే పంపు లేకపోవడం దీని మేలు. కానీ నీటి మట్టం పైగొట్టం నోటికంటే దిగిందంటే, లోపల ఇంకా ఎంతో నీరున్నా ప్రసరణ తెగిపోతుంది. రేడియేటర్ కింది భాగం చల్లగా ఉండి పైభాగం సలసల కాగుతున్నదంటే మొదట చూడవలసింది ఆ మట్టాన్నే. పాతదని దీన్ని తక్కువ చేయడం సరికాదు: 1947లో వచ్చిన ఫార్మాల్ కబ్ అనే చిన్న ట్రాక్టరు సైతం ఈ పద్ధతినే నమ్ముకుంది.

నీటినే వదిలేసిన దారి జర్మనీ నుంచి వచ్చింది. బవేరియాకు చెందిన ఐషర్ సంస్థ గాలితో చల్లబడే డీజిలు ఇంజన్లకు పేరు పొందింది. దాని సహకారంతో 1959 ఏప్రిల్ 24న ఫరీదాబాద్‌లో భారతదేశంలో తయారైన తొలి ట్రాక్టరు బయటికి వచ్చింది. ఇక్కడ పొలుసు, కారుడు బాధ లేదుగాని, సిలిండరు చుట్టూ ఉండే రెక్కల సందుల్లో నూనె తడికి గడ్డిదుమ్ము అంటుకొని గట్టిపడితే గాలి ఆడదు. నిజానికి రేడియేటర్ ఉన్న బండికీ దుమ్మే పెద్ద శత్రువు. నూర్పిళ్లలో ఎగిరే పొట్టు జాలీని కప్పేస్తుంది. దమ్ము చేసేటప్పుడు భారం ఎక్కువ, నడక తక్కువ కనుక గాలికి ఫ్యానే దిక్కు, దాని బెల్టు వదులైతే అదీ లేనట్లే.

చివరికి నిలిచింది పంపు, థర్మోస్టాట్, ఒత్తిడి మూత కలిసిన ఏర్పాటు. నీరు తగినంత వేడెక్కేదాకా రేడియేటర్ దారిని మూసి ఉంచే కవాటం థర్మోస్టాట్. అది మూసుకుపోయి బిగుసుకుపోతే నీరు నిండుగా ఉన్నా ఇంజను కాగుతుంది. లోపలి ఒత్తిడిని పెంచే మూత నీటి మరుగు స్థానాన్ని 100 డిగ్రీలకు పైకి జరుపుతుంది. అందుకే వేడి మీద ఆ మూత తిప్పితే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, అంతవరకు మరగని నీరు ఆవిరై ముఖాన చిమ్ముతుంది; తెరిచిన తొట్టి నాటి రైతుకు ఈ ప్రమాదం లేదు, నేటి రైతు మాత్రం ఇంజను చల్లారేదాకా ఆగక తప్పదు.