పలక నుంచి ఫలకం వరకు: పశ్చిమ ప్రకాశం నేపథ్యంలో దృశ్యబోధనోపకరణాల తులనాత్మక చరిత్ర

1. ఉపోద్ఘాతం

సంస్కృత 'ఫలక' శబ్దానికి తద్భవం 'పలక'. తెలుగునాట ఆ మాట వినగానే మార్కాపురం స్ఫురిస్తుంది. కంభం ప్రాంతం పేరుతోనే భూవిజ్ఞానులు వ్యవహరించే శిలాసంహతిలోని పలకరాయిని పొరలుగా చీల్చి, చెక్క చట్రంలో బిగించిన పలకలపై ఎన్నో తరాలు అక్షరాలు దిద్దాయి. నేడు ప్రభుత్వ పాఠశాలల గోడలపై విద్యుత్ ఫలకాలు వెలుగుతున్నాయి. 'నాడు-నేడు' పథకంలో భాగంగా 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉన్నత తరగతులకు స్పర్శకు స్పందించే ఫ్లాట్ ప్యానెళ్లను, ప్రాథమిక పాఠశాలలకు స్మార్ట్ టీవీలను సమకూర్చింది. ఇటువంటి ఫలకాలను కొనేముందు ఏ ప్రమాణాలతో పోల్చాలన్నది వాటి చరిత్ర నుంచే గ్రహించవచ్చునని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. గ్రామానికి టెలివిజన్

మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 ఫిబ్రవరి 2న కర్నూలు జిల్లా నుంచి విడివడి, కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు విద్యా ప్రసారాలు అందించిన 'సైట్' ప్రయోగంలో కర్నూలు జిల్లాకు చోటు దక్కింది. అప్పటికి ఐదేళ్ల క్రితమే ఈ రెండు తాలూకాలు ఆ జిల్లా పరిధి దాటిపోయాయి. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న ప్రారంభమైంది. నాటి టీవీలన్నీ బరువైన గాజు గొట్టంతో పనిచేసిన పెట్టెలే. అయితే గ్రామాలకు టెలివిజన్ మొదట బోధనా సాధనంగా వచ్చిందన్నది గమనార్హం.

3. బల్లపరుపు తెరల ఆవిర్భావం

ప్లాస్మా తెర పుట్టుక కూడా బోధనతో ముడిపడినదే. ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో 'ప్లేటో' అనే కంప్యూటర్ బోధనా వ్యవస్థ కోసం డొనాల్డ్ బిట్జర్, జీన్ స్లాటో, రాబర్ట్ విల్సన్ 1964లో దానిని రూపొందించారు. చెరిపేవరకు బొమ్మను తనంతట తానే నిలుపుకోవడం ఆ తొలి ఫలకం ప్రత్యేకత. ఈ గుణంలో అది పలకకు దగ్గరి బంధువు.

ద్రవస్ఫటికాలను 1888లో రైనిట్జర్ గుర్తించగా, 1968లో ఆర్.సి.ఏ. సంస్థ వాటితో తయారైన ప్రదర్శన ఫలకాన్ని ప్రకటించింది. 1977లో బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్ బృందం బిళ్ల ఆకారపు అణువులతో ఏర్పడే ద్రవస్ఫటికాలను కనుగొన్నది. ఆ వర్గపు పదార్థాలతో చేసిన పొరలు తర్వాతి కాలంలో ఎల్.సి.డి. తెరల వీక్షణకోణాన్ని విస్తరించాయి. సేంద్రియ పదార్థమే స్వయంగా వెలిగే ఓలెడ్‌కు 1987లో కొడాక్ శాస్త్రజ్ఞులు టాంగ్, వాన్ స్లైక్ పునాది వేశారు.

నలుపు గాఢతలోను, వేగంగా కదిలే దృశ్యాల స్పష్టతలోను ప్లాస్మా మేలైనదని నిపుణులు మెచ్చుకున్నారు. అయినా 2014 నాటికి ప్రధాన తయారీదారులు దానిని విడిచిపెట్టారు. ఎల్.సి.డి. తేలిక, అల్ప విద్యుత్ వినియోగం, వెలుతురులోనూ కనిపించే ప్రకాశం, తగ్గుతూ వచ్చిన ధర అందుకు కారణాలు. చిత్రనాణ్యత ఒక్కటే సాంకేతికత భవితవ్యాన్ని నిర్ణయించలేదు.

4. పోలికకు ప్రమాణాలు

'ఎల్.ఇ.డి. టీవీ' పేరుతో అమ్ముడయ్యేవి చాలావరకు ఎల్.సి.డి. తెరలే, వెనుకనుంచి వెలుగునిచ్చే దీపాలు మాత్రమే ఎల్.ఇ.డి.లు. వీటిలో ఐ.పి.ఎస్. రకం పక్కనుంచి చూసినా రంగు చెదరనీయదు. వి.ఏ. రకం నలుపును మెరుగ్గా చూపుతుంది గాని పక్కనుంచి చూస్తే వెలవెలబోతుంది. ఓలెడ్‌లో ప్రతి బిందువూ విడిగా ఆరిపోగలదు కనుక నలుపు సంపూర్ణం. అయితే కదలని బొమ్మ దీర్ఘకాలం నిలిచి ఉంటే దాని జాడ తెరపై మిగిలిపోయే ప్రమాదం ఉంది.

చీకటి గదిలో సినిమా చూసే కుటుంబానికి ఓలెడ్ తగినది కావచ్చు. కిటికీలు తెరిచిన తరగతి గదిలో, చివరి వరుసలోను మూలల్లోను కూర్చున్న పిల్లలకు ప్రకాశం, వీక్షణకోణం ముఖ్యం. ఒకే పాఠ్యపట్టిక గంటల తరబడి నిలిచే చోట ఐ.పి.ఎస్. రకమే సముచితం. 32 అంగుళాలకు మించిన టీవీలపై వస్తుసేవల పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. చిన్న, పెద్ద తెరలకు పన్ను సమానమైనందున, కొలతతో పాటు తెర రకం, మరమ్మతు సౌకర్యం ఎంపికకు ఆధారం కావాలి.

5. ముగింపు

పలకకు విద్యుత్తు అక్కరలేదు, ఎండలోనూ కనిపిస్తుంది, అన్నిటికీ మించి ప్రతి బిడ్డ చేతిలోనూ ఒకటి ఉంటుంది. విద్యుత్ ఫలకం కదిలే దృశ్యాన్ని, దూరదేశపు విజ్ఞానాన్ని తరగతిలోకి తెస్తుంది. కాని గది మొత్తానికి ఒక్కటే. ఒకటి రాసేందుకు, మరొకటి చూసేందుకు ఏర్పడిన సాధనాలు. కనుక ఒకదానికి మరొకటి ప్రత్యామ్నాయమని భావించడం చారిత్రకంగా సరికాదు. ఎక్కడ, ఎవరికోసం, ఏ వెలుతురులో అన్న ప్రశ్నలతో మొదలైన పోలికే కొనుగోలుదారుకు, పాఠశాలకు ప్రయోజనకరం.