డ్వెల్ (ఆంగ్ల క్రియ)

డ్వెల్ అంటే నివసించు, కాపురముండు. ఇళ్లలో, వీధుల్లో ఇంగ్లీషువాళ్లు ఈ అర్థంలో 'లివ్' అనే వాడతారు. ఊరి పేరు చెప్పి అక్కడ 'డ్వెల్' చేస్తున్నామంటే గ్రాంథికంగా ధ్వనిస్తుంది. 1611 నాటి ఆంగ్ల బైబిల్లో మాత్రం ఇది అడుగడుగునా కనిపిస్తుంది.

పుట్టుకలో ఈ మాటకు ఇంటితో సంబంధమే లేదు. ప్రాచీన ఆంగ్లంలోని 'డ్వెల్లన్'కు దారి తప్పించడం, మోసగించడం అని అర్థం. తర్వాత అడ్డుకోవడం, ఆలస్యం చేయడం వచ్చి చేరాయి. ఆలస్యమైనవాడు ఆగుతాడు, ఆగినవాడు ఒక్కోసారి అక్కడే ఉండిపోతాడు. 13వ శతాబ్దానికి నివాసమనే అర్థం ఏర్పడింది. జాగు చేయడం, నిలిచి ఉండటం అనే అర్థాలున్న ప్రాచీన నార్స్ క్రియ ప్రభావం కూడా ఇందులో ఉంది.

నేటి వాడుకలో బాగా బతికున్నది 'డ్వెల్ ఆన్': ఒకే సంగతిని, ముఖ్యంగా బాధ కలిగించేదాన్ని, పట్టుకుని వదలకపోవడం. పాత జాగు వాసన ఇందులో ఇంకా పోలేదు. రైలు ప్లాట్‌ఫారం మీద ఆగే వ్యవధినీ, కంటైనరు రేవులో పడి ఉండే కాలాన్నీ 'డ్వెల్ టైమ్' అంటారు.

భూతకాల రూపాలు డ్వెల్ట్, డ్వెల్డ్. నామవాచకమైన 'డ్వెల్లింగ్' చట్టాల భాషలో స్థిరపడింది. 2024 దాకా అమల్లో ఉన్న 1860 నాటి భారత శిక్షాస్మృతిలో, నివాసగృహంలో దొంగతనం గురించి చెప్పిన 380వ సెక్షన్‌లో ఉన్నది ఈ మాటే.

తెలుగువాళ్ల ఇంగ్లీషులో నివాసానికి తరచు వినిపించే క్రియ 'స్టే'. స్కాట్లండులోనూ అదే అలవాటు.